పెరటి కలబంద – చర్మ సంరక్షణ



కల్లావి, ఊత్తంగరై వైపు మన ఇళ్లలో తెలుగు, తమిళం కలిసే నడుస్తాయి. అందులో సౌకర్యం ఉంది, ఒక్కోసారి చిక్కూ ఉంది. 'కత్తాళై' అన్న మాటనే తీసుకోండి. పెరట్లో పెరిగే కలబందకూ ఆ పేరే, చేని గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనారకూ ఆ పేరే. కలబందనే విడిగా చెప్పాలంటే 'సోత్తుక్కత్తాళై' అనాలి. ముఖానికి కత్తాళై మంచిదని ఎవరో అనగానే గట్టు మీది మట్ట కోసుకొచ్చారంటే కష్టమే. కిత్తనార రసంలో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఉంటాయి. అవి చర్మంలో గుచ్చుకుని దురద, మంట పుట్టిస్తాయి, బొబ్బలు కూడా లేస్తాయి.

గుర్తుపట్టడం కష్టం కాదు. కిత్తనార మట్ట కొసన గట్టి ముల్లు ఉంటుంది, చీలిస్తే నార వస్తుంది. కలబంద మట్టను కోస్తే లోపల గాజులాంటి గుజ్జే తప్ప నార ఉండదు.

సరైన మట్టే అయినా కోసిన వెంటనే రాసుకోకండి. తోలు కింద నుంచి పసుపుపచ్చని చేదు రసం కారుతుంది. అది ఎండితేనే మూలికల అంగళ్లలో అమ్మే ముసాంబరం. కొందరి చర్మానికి అది పడదు. మట్టను కోసిన వైపు కిందికి ఉండేటట్లు గిన్నెలో పావుగంట నిలబెట్టండి. రసం దిగిపోయాక కడిగి, తోలు తీసి, గుజ్జు మాత్రం తీసుకోండి. మొదటిసారైతే మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు చూడండి. దద్దురు లేస్తే ఇక దాని జోలికి పోవద్దు.

ఆ గుజ్జులో నూటికి 98 పాళ్లకు పైగా నీళ్లే. ఎండకు కమిలిన చర్మానికి చల్లదనం, పొడిబారిన చర్మానికి తేమ ఇస్తుంది. రంగు తెల్లబడుతుందన్న మాట మాత్రం నమ్మకండి. అంగట్లో సీసాల్లో దొరికే ఆకుపచ్చ జెల్‌కు ఆ రంగు కలిపినదే, అసలు గుజ్జుకు రంగు ఉండదు.

మన కృష్ణగిరి జిల్లా మామిడికి పేరుపడ్డది. కాయలు కోసేటప్పుడు సొన పడి చేతులు, ముఖం పొక్కుతుంటాయి. అప్పుడు మొదట చేయవలసింది సబ్బు పెట్టి కడగడం. సొన పోకముందే గుజ్జు రాస్తే అది ఇంకా పాకుతుంది. కడిగాక, చర్మం చిట్లకుండా ఉంటేనే కలబంద. లోతైన గాయాలకూ, చీము పట్టినవాటికీ, పెద్ద కాలిన బొబ్బలకూ వద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. 1991లో అమెరికాలో ఆపరేషన్ తరువాత విచ్చుకున్న గాయాలకు కలబంద జెల్ వాడి చూస్తే, అవి మానడానికి మామూలు కంటే ఎక్కువ రోజులే పట్టాయి.

గుజ్జును ఏ పూటకు ఆ పూట తీసుకోవడం మేలు. మొక్క పక్కన లేచే పిలకను తీసి ఇసుక కలిపిన మట్టిలో నాటండి. కుండీకి అడుగున రంధ్రం ఉండాలి, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది.