చెప్పులు దులిపి తొడుక్కోండి



మన దివిసీమలో వరిచేలు, ఎలుకలు, వాటి వెంట పాములు మామూలే. చెప్పులు దులిపి తొడుక్కోమని మాస్టారంటే నవ్వుకునేవాళ్లం.

తొమ్మిదో తరగతి వానాకాలంలో, హాస్టల్లో నా పక్క చాప మీద పడుకున్న మిత్రుణ్ణి రాత్రి కట్లపాము కరిచింది. వాపు లేదు, మంట లేదు. కడుపునొప్పి అన్నాడంతే. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయాయి. మంత్రం వేయించబోయి ఆలస్యం చేశాం. వాడు దక్కలేదు.

నేల మీద పడుకోకండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. రాత్రి టార్చి పట్టుకోండి. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు. కదలనివ్వకుండా ఆస్పత్రికి చేర్చండి. విరుగుడు మందు ఉండేది అక్కడే.

మాస్టారూ, ఇప్పటికీ చెప్పులు దులిపే తొడుక్కుంటున్నాను.