అడుగకుండ వచ్చిన ఉత్తరము: ఫొటోగ్రాఫరులకు చెప్పవలసిన మాటలు

(తిరుపతి, చిత్తూరు జిల్లాల గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన రెండు జిల్లాలలో ఫొటోగ్రాఫరు లేని పెద్ద గ్రామము నేడు అరుదు. పెండ్లియైనను, గృహప్రవేశమైనను, గంగజాతరయైనను, బడిలో వార్షికోత్సవమైనను అతడు లేనిదే జరుగదు. ఇంతేకాక చంద్రగిరి కోటను, తలకోన జలపాతమును, నేలపట్టునకు వచ్చు పక్షులను, శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని ఫొటోలు తీసి ఇంటర్నెట్టునందు ఉంచు యువతీయువకులు పలువురు కలరు. ఆ ఫొటోల ప్రక్కనే తమ ఈ-మెయిలు చిరునామాను, ఫోను సంఖ్యను వ్రాసికొందురు. పని కోరువారికి అది దుకాణము ముందరి బోర్డు వంటిది. కాని బోర్డు చూచి లోనికి వచ్చు ప్రతివాడును పెండ్లివాడు కాడు.

ఈ విషయము పంచాయతీలకేల అని మీరు అడుగవచ్చును. మంచి కెమెరా, దానికి తగిన లెన్సు, ఒక కంప్యూటరు కొనవలెనన్న లక్షల మాట. ఆ సొమ్ము చాల ఇండ్లలో తల్లి పొదుపు సంఘమునుండి తెచ్చిన అప్పుగనో, నెలనెలా కట్టు వాయిదాగనో ఉండును. అతడొక్కడు మోసపోయినచో ఇంటి వాయిదా ఆగును, సంఘము లెక్క తప్పును. అట్టి ఉత్తరము వచ్చినప్పుడు పట్టణములోని వకీలును వెదకికొని పోవువారు తక్కువ. ఊరిలో నలుగురికి మంచిచెడ్డలు చెప్పువారి యొద్దకే ముందుగా వత్తురు. కనుక మీకు ఈ సంగతులు తెలిసియుండుట అవసరము.

ఇట్టి మోసము క్రొత్తది కాదు. ధనికుడొకడు స్పెయిను దేశమున చెరలో ఉన్నాడనియు, అతని విడుదలకు కొంత సొమ్ము పంపినచో దాచిన నిధిలో వాటా దొరకుననియు తెలుపు ఉత్తరములు 19వ శతాబ్దముననే ఐరోపా, అమెరికా ఖండములలో తిరిగినవి. తరువాతి కాలమున నైజీరియా నుండి అట్టి ఉత్తరములే బయలుదేరి, ఆ దేశపు శిక్షాస్మృతిలోని సెక్షను సంఖ్యనుబట్టి ‘419’ అను పేరు పొందినవి. నేడు కాగితము పోయి ఈ-మెయిలు వచ్చినది. కథ మారినది, ఎర మారలేదు.

ఫొటోగ్రాఫరులకు వచ్చు ఎరలు ముఖ్యముగా నాలుగు విధములు.

మొదటిది, అధికముగా చెల్లించెదనను పెండ్లివాని ఉత్తరము. తాను దూరదేశమున ఉన్నాననియు, తిరుపతిలో వివాహము చేయదలచితిననియు, ఫోనులో మాటలాడుటకు వీలులేదనియు వ్రాయును. బేరమాడకుండ అడిగినదానికంటె ఎక్కువ పంపి, ‘మిగిలినది మండపము అలంకరించువానికి మీరే పంపుడు’ అనును. అతడు చూపు రసీదు దొంగది, లేదా అతడిచ్చిన చెక్కు చెల్లక తిరిగి వచ్చును. ఈలోగా మనవాడు పంపినది మాత్రము నిజమైన సొమ్ము.

రెండవది, సన్మానపు ఉత్తరము. మీ ఫొటో అంతర్జాతీయ ప్రదర్శనకు ఎన్నికైనదనియు, లేదా మీ ఫొటోలను డిజిటలు ఆస్తులుగా లక్షలకు కొందుమనియు చెప్పి, ముందుగా నమోదు రుసుము, పన్ను, కొరియరు ఖర్చు అని ఏదో ఒక పేరుతో కొంత అడుగుదురు.

మూడవది, బెదిరింపు. మీరు ఇతరుల ఫొటోను వాడితిరి, 24 గంటలలో మీ పేజీ మూయబడును, ఆధారము చూచుటకు ఈ లింకు నొక్కుడని వచ్చును. నొక్కి పాస్‌వర్డు వ్రాసినచో పేజీయే వారి చేతికి పోవును.

నాలుగవది, దూరప్రయాణము. దీనికి ప్రపంచప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి కలదు. హాలీవుడ్ సినిమారంగ ప్రముఖుల పేరు పెట్టుకొని ఒక వంచకుడు ఫొటోగ్రాఫరులను, మేకప్ కళాకారులను, స్టంటు నటులను ఇండొనీషియాకు పిలిపించెను. ప్రయాణపు ఖర్చు, కారు ఖర్చు మీరు పెట్టుడు, తరువాత తిరిగి ఇత్తుమనెను. పనియు లేదు, సొమ్మును తిరిగి రాలేదు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. విచారణ జరుపగా, 2020 నవంబరులో బ్రిటనులోని మాంచెస్టరు నగరమున నిందితుడు అరెస్టయ్యెను. మోసపోయినవారు అనుభవము కలిగిన పనివారే. కనుక మోసపోయినవానిని ‘తెలివిలేనివాడు’ అని గేలిచేయుట న్యాయము కాదు. గేలికి వెరచి దాచిపెట్టువారి వలననే వంచకులు మరల మరల లాభపడుచున్నారు.

ఈ నాలుగింటిని కలిపి చూచినచో ఒక్క సూత్రము దొరకును. ఉత్తరములోని పేరు ఎంత గొప్పది అని గాక, సొమ్ము ఏ దిక్కునకు ప్రవహించుచున్నదని చూడవలెను. పని చేయించుకొనువాడు పనివానికి సొమ్మిచ్చుట లోకరీతి. పనివాడే ముందుగా సొమ్ము పంపవలెనన్నచో, దానికి రుసుమని పేరు పెట్టినను, పన్నని పేరు పెట్టినను, మిగులు తిరిగి ఇచ్చుటయని పేరు పెట్టినను, అక్కడ ఆగవలెను. ఫొటోల పోటీలలో ప్రవేశ రుసుము ఉండుట కలదు. కాని అది తానుగా విచారించి, నిర్వాహకులెవరో తెలిసికొని పోటీకి పోవువాడు కట్టునది. పంపని ఫొటోకు బహుమతి వచ్చినదని చెప్పి అడుగు రుసుము వేరు.

యు.పి.ఐ. విషయమున దీనిని ఇంకను తేలికగా చెప్పవచ్చును. మనకు సొమ్ము వచ్చుటకు పిన్ సంఖ్య నొక్కవలసిన పనిలేదు, క్యూఆర్ కోడు స్కాను చేయవలసిన పనియు లేదు. ‘సొమ్ము పంపుచున్నాను, పిన్ నొక్కుడు’ అనువాడు, సైన్యాధికారినని చెప్పుకొన్నను సరే, మన సొమ్ము తీసికొనుటకే వచ్చినాడు.

ఈ సూత్రమునకు తోడుగా మూడు పరీక్షలు కలవు.

ఒకటి, చిరునామా పరీక్ష. ఉత్తరమున కనబడు పేరు ఎవరైనను పెట్టుకొనవచ్చును. దాని వెనుక ఉన్న అసలు చిరునామాను, ‘ఎట్’ గుర్తునకు తరువాతి భాగమును, అక్షరము అక్షరముగా చదువవలెను. పెద్ద సంస్థ పేరు చెప్పి ఎవరైనను ఉచితముగా తెరువగల చిరునామానుండి వ్రాసినచో అనుమానింపవలెను. ప్రభుత్వ శాఖల వెబ్‌సైట్లు సాధారణముగా ‘గవ్ డాట్ ఇన్’ అను ముగింపుతో ఉండును. ఉత్తరములో ఇచ్చిన ఫోను సంఖ్యకు గాక, ఆ సంస్థ సంఖ్యను వేరుగా వెదకి దానికి ఫోను చేసి అడుగవలెను.

రెండు, స్థలపరీక్ష. ఇందులో మనవారికున్న బలము వంచకునికి లేదు. ఏ కల్యాణమండపము, ఏ తేది, ఏ ముహూర్తమని అడిగి, ఆ మండపమువారినే విచారింపవచ్చును. తిరుమల ఆలయములోనికి కెమెరాలను, ఫోనులను అనుమతింపరని మనకందరికి తెలియును. కనుక ఆలయములోపల ఫొటోలు తీయు పని ఇత్తుము, ధరావతు కట్టుడని ఉత్తరము వచ్చినచో అది అబద్ధమని చదువుచుండగనే తేలును.

మూడు, తొందర పరీక్ష. నేడే, ఈ గంటలోనే, ఎవరికిని చెప్పవద్దు అనునది మోసపు భాష. నిజమైన పని ఒక రాత్రి ఆగును. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరక చెప్పలేదు.

మన తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు దినమునకొక వేషము ధరింతురు. దుష్టుడైన పాళెగాని వెదకి పట్టుటకు అమ్మవారు వేషములు ధరించెనని కథ. ఈ ఉత్తరములలో దుష్టుడే వేషము ధరించి వచ్చుచున్నాడు. వేషమును చూచి మ్రొక్కక, వేషము వెనుక ఎవరున్నారని అడుగుట మన పని.

అయితే అడుగకుండ వచ్చిన ప్రతి ఉత్తరమును మోసమే అని యువకులకు నూరిపోయుట కూడ తప్పు. పత్రికలు, ప్రచురణ సంస్థలు, విదేశములలోని మన తెలుగువారు ఈ విధముగనే వ్రాసి పని ఇచ్చుట కలదు. అట్టివారు ఒప్పందము వ్రాయుటకు, వీడియోలో మాటలాడుటకు, అడ్వాన్సు పంపుటకు సాధారణముగా వెనుదీయరు. కాగితము చేతికి వచ్చిన తరువాత దానిని చదువుటయు ముఖ్యమే. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కుల బదిలీ వ్రాతపూర్వకముగా, సంతకముతో జరుగవలెను. ఆ పత్రమున కాలపరిమితి చెప్పనిచో 5 సంవత్సరములనియు, ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకు మాత్రమేయనియు చట్టము భావించును. ‘మీ పేరు వేయుదుము, సొమ్ము ఇయ్యము’ అనునది మోసము కాదు, బేరము మాత్రమే. దానికి ఒప్పుకొనుటయో మానుటయో పనివాని ఇష్టము.

ఇంత జాగ్రత్తపడినను సొమ్ము పోయినచో ఏమి చేయవలెను? వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. జాతీయ సైబరు నేరముల పోర్టలునందును ఫిర్యాదు వ్రాయవచ్చును. సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పరుగెత్తుచుండును; అది పూర్తిగా చేజారకముందే బ్యాంకులు నిలుపగలుగుటకు మొదటి గంటలే విలువైనవి. ఉత్తరమును, రసీదును, లావాదేవీ సంఖ్యను చెరిపివేయక భద్రపరుపవలెను. 2024 జూలై 1న అమలునకు వచ్చిన క్రొత్త నేరవిచారణ చట్టము ప్రకారము, నేరము ఎక్కడ జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. కంప్యూటరు, ఫోనుల ద్వారా మారుపేరుతో మోసగించినవానికి 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 66-డి సెక్షను క్రింద 3 సంవత్సరముల వరకు ఖైదును, లక్ష రూపాయల వరకు జుల్మానాయు కలదు.

మరియొక మాట. తెలియనివారి సొమ్ము ఖాతాలో నిజముగనే పడినచో, వారు చెప్పిన మూడవ మనిషికి పంపరాదు. అది మరియొక బాధితుని సొమ్ము కావచ్చును. అప్పుడు పోలీసులు మన ఖాతానే నిలిపివేయుదురు. బ్యాంకునకు వ్రాతమూలకముగా తెలిపి, వారి ద్వారానే పరిష్కరించుకొనవలెను. కమీషనుకు ఆశపడి తన ఖాతాను ఇతరులకు వాడుకొననిచ్చువాడు కూడ కేసులో చిక్కుకొనును.

సభ్యులారా, మిమ్ములను కోరునది పెద్ద పని కాదు. రాబోవు గ్రామసభలో ఈ విషయమునకు పది నిమిషములు కేటాయించుడు. 1930 అను సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడమీదను, ఊరి ఫొటో స్టూడియోలోను పెద్ద అక్షరములతో వ్రాయించుడు. ఎవరైనను ఉత్తరము పట్టుకొని వచ్చినచో కసరక కూర్చుండబెట్టి, సొమ్ము ఎవరినుండి ఎవరికి పోవలసియున్నదని ముందుగా అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకిన తరువాతనే తక్కిన మాటలు. కష్టపడి కొన్న కెమెరా ఆ ఇంటికి అన్నము పెట్టవలెను గాని అప్పు పెట్టరాదు. అది చూచుకొనుట మన అందరి బాధ్యత.