కంగారు పడే పిల్లలు, కంగారు పెట్టే పెద్దలు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలలో మానసిక ఒత్తిడి గూర్చి ఇరవై నిమిషాలు మాట్లాడమని కార్యవర్గం వారు ఆదేశించారు. భోజనాల వేళ దగ్గరపడింది గనుక పదిహేను నిమిషాలలో ముగిస్తాను. మా ఇంట మూడు తరాలుగా బడిపంతులు ఉద్యోగమే. కాబట్టి ఇది వైద్యుని మాట కాదు, పంతులు మాటగానే వినండి.

మీలో చాలామంది టెలివిజన్‌లో చూసిన సంగతే చెబుతాను. 2004లో వాషింగ్టన్ నగరంలో జాతీయ స్పెల్లింగ్ బీ పోటీ జరుగుతున్నది. కొలరాడో స్ప్రింగ్స్ నుండి వచ్చిన 13 ఏళ్ళ అక్షయ్ బుడ్డిగ మైకు ముందు నిలబడ్డాడు. అతని అన్న ప్రత్యూష్ రెండేళ్ళ క్రితమే, 2002లో, అదే పోటీలో విజేత. తమ్ముడికి ఇచ్చిన మాట 'అలోపెకాయిడ్', అంటే నక్కవంటిది అని అర్థం. మాట విన్న కాసేపటికి ఆ కుర్రవాడు కళ్ళు తిరిగి వేదిక మీదే పడిపోయాడు. సభ ఉలిక్కిపడింది. కొద్ది క్షణాలలోనే లేచి నిలబడి, ఆ మాటను ఒక్క తప్పు లేకుండా చెప్పాడు. ఆ యేడు ద్వితీయ స్థానం అతనిదే.

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టవలసిందే. ఆ పిల్లవాని మనసులో ఏమున్నదో నాకు తెలియదు, ఊహించి చెప్పడం మర్యాద కాదు. ఐతే ఈ కథను మన ఇళ్ళలో ఎలా చెప్పుకుంటామో నాకు తెలుసు. 'చూశావా, పడినా లేచి చెప్పాడు' అంటాం. లేవడం గూర్చి చెబుతాం గాని, పడేముందు ఏ పిల్లకైనా ఒళ్ళు ఏమి చెబుతుందో ఎవరూ చెప్పరు. అరచేతులు చల్లబడతాయి, నోరెండిపోతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కడుపులో దేవినట్లుంటుంది. పరీక్ష రోజున 'అమ్మా, కడుపునొప్పి' అన్న పిల్లను బడి ఎగవేతకు దొంగనొప్పి అని కసురుకుంటాం. దొంగనొప్పి కాదు, నిజమైన నొప్పే. కారణం కడుపులో లేదు, అంతే తేడా.

పోటీలను దూషించడానికి నేను రాలేదు. రత్నం చిట్టూరి గారు 1989లో నార్త్ సౌత్ ఫౌండేషన్‌ను స్థాపించింది భారతదేశంలోని పేద విద్యార్థులకు చదువు సాయం చేయడానికి. 1993 నుండి ఆ సంస్థ ఇక్కడి మన పిల్లలకు స్పెల్లింగ్ పోటీలు నిర్వహిస్తున్నది. జాతీయ వేదికకు చేరిన భారతీయ బాలబాలికలలో ఎందరో ఆ మెట్ల మీదుగా ఎక్కినవారే. ఇంట్లో తల్లీ బిడ్డా ఒక నిఘంటువు ముందు కూర్చోవడం కన్న చక్కని దృశ్యం ఏమున్నది? సాధన పిల్లలను చెరచదు. ఫలితాన్ని ఇంటి పరువుతో ముడిపెట్టినప్పుడే చేటు.

ఆ పోటీలోనే ఒక మంచి ఏర్పాటున్నది. పిల్లవాడు అక్షరాలు చెప్పేముందు ఆ మాటకు అర్థం అడగవచ్చు, ఏ భాష నుండి వచ్చిందో అడగవచ్చు, నామవాచకమా క్రియా అని అడగవచ్చు, వాక్యంలో వాడి చూపమనవచ్చు. జ్ఞానం కోసమే ఈ ప్రశ్నలు అనుకుంటాం. నా మటుకు నాకు, అవి ఊపిరి పీల్చుకునే వేళలుగా కూడా కనబడతాయి.

2025లో విజేత ఐన టెక్సాస్ కుర్రవాడు ఫైజాన్ జాకీ, హైదరాబాదు మూలాలున్న కుటుంబం వాడు, గెలుపు చేతికి అందబోతున్న సమయాన 'కమెలైనా' అనే మాటకు ఏ ప్రశ్నా అడగకుండా అక్షరాలు అందుకొని తప్పు చెప్పాడు. మన చేలగట్ల మీద నీలిపూలు పూసే కలుపుమొక్కల జాతి పేరది. తరువాత తేరుకొని గెలిచాడనుకోండి. చివరి మాటకు కూడా ప్రశ్న అడగలేదు! పిల్లలు మన పాఠాలకు సరిగ్గా ఒదగరు, అది వారి హక్కు. అంతకు ముందు ఏడు, 2024లో, ఫ్లోరిడా వాడైన బృహత్ సోమ 90 సెకండ్ల తుది పందెంలో 29 మాటలు సరిగా చెప్పి గెలిచాడు. ఆ పందెం వస్తే ఎలా అని నెలల తరబడి ఇంట్లో సాధన చేసి వచ్చాడు. తెలిసిన గండం సగం గండమే. అందుచేత పరీక్షకు ముందు పిల్లచేత పాఠాలు వల్లె వేయించడమే గాక, ఒకటి రెండుసార్లు గడియారం పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, ఆ వాతావరణాన్ని కూడా అలవాటు చేయండి.

ఈ విద్య మనకు కొత్తదా? అష్టావధానం చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, నిషిద్ధాక్షరి వారు అడుగడుగునా అక్షరాలకు అడ్డు పడతారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం వారు వంకాయ కూర గూర్చి అడుగుతారు, వెనుక ఎవరో గంట కొడుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క చెప్పాలి. అవధాని ఏమి చేస్తాడు? తొందరపడడు. ప్రశ్నను మళ్ళీ చెప్పించుకుంటాడు, ఒక పాదం చెప్పి ఆగుతాడు, వంకాయ కూరకు నవ్వుతూ జవాబిస్తాడు, తిరిగి పద్యానికి వస్తాడు. ఆ నవ్వు దగ్గరే అతనికి విశ్రాంతి. అవధానాన్ని ఊరూరా ప్రచారం చేసిన తిరుపతి వేంకట కవులలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరులో బడి పండితులుగా పనిచేశారు. విశ్వనాథవారు ఆయన శిష్యులే. ఎందుకో గాని, మా వృత్తివారని చెప్పుకోవడం నాకు సరదా. స్పెల్లింగ్ పోటీలో గంట మోగితే ఓడినట్లు. అవధానంలో గంట మోగితే లెక్కపెట్టుకోవడమే. ఈ తేడా మా సాయంకాలపు తెలుగు తరగతిలో చెబితే పిల్లలు బాగా నవ్వారు.

ఆ తరగతిలోనే గమనించిన మరొక సంగతి చెప్పాలి. మన పిల్లలకు ఏమైనా, ఒకటే మాట: 'స్ట్రెస్'. అమ్మమ్మ ఇండియా వెళ్ళిపోయినా స్ట్రెస్, లెక్కల పరీక్షైనా స్ట్రెస్, స్నేహితురాలు మాట్లాడకపోయినా స్ట్రెస్. అమ్మమ్మ మీద కలిగేది బెంగ. తొందరలో వచ్చేది కంగారు. జనాన్ని చూసి వచ్చేది సభాకంపం. ఏమీ చేయలేక ఏడుపూ కోపమూ కలిసి వస్తే ఉక్రోషం. ఎందుకో చెప్పలేక మనసు కుంగితే దిగులు. ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క మందు. బెంగకు ఫోను చేయించాలి. కంగారుకు పని తగ్గించాలి. ఉక్రోషంలో ఉన్నవాడికి ఉపన్యాసం పనికిరాదు, కాసేపు వదిలేయాలి. ఈ మాటలు నేర్పిన తరువాత ఒక పదేళ్ళ పిల్ల, 'నాకు స్ట్రెస్ కాదండీ, ఉక్రోషం' అని చెప్పింది. తెలుగు నేర్చుకొని ఏం లాభమని అడిగేవారికి నా దగ్గరున్న జవాబులలో ఇదొకటి.

ఇక ఇంట్లో చేయగలిగినవి. ఊపిరి తీసుకునే దానికన్న వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. నాలుగు అంకెలు లెక్కిస్తూ తీసుకొని, ఆరు లెక్కిస్తూ వదలమనండి. పరీక్ష గది బయట కాదు, మామూలు రోజుల్లో పడుకునేముందు నేర్పండి. మునిగిపోతున్నవాడికి ఈత నేర్పలేము గదా. పరీక్షకు ముందు పది నిమిషాలు తన భయాలను కాగితం మీద వ్రాసుకున్న విద్యార్థులు, ముఖ్యంగా ఎక్కువ భయపడేవారు, మెరుగ్గా వ్రాశారని చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రకటించారు. ఆ కాగితాన్ని మనం చదవకూడదు, అది ముఖ్యం. నిద్ర సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పాటించరు. ఆరు నుండి పన్నెండేళ్ళ వారికి 9 మొదలు 12 గంటలు, ఆపైన పద్దెనిమిది దాకా 8 మొదలు 10 గంటలు కావాలని నిద్రా వైద్యులు చెబుతున్నారు. భరతనాట్యం, కుమాన్, ఈత, వయొలిన్, పైన నా తెలుగు తరగతి! ఇందులో దేన్నైనా మానిపించవలసి వస్తే, నా తరగతైనా సరే, నేను నొచ్చుకోను. చాలా కొద్దిగా నొచ్చుకుంటాను.

పోటీ నుండి తిరిగి వచ్చేటప్పుడు కారులో మాట్లాడే మాటలు అన్నిటికన్న జాగ్రత్తగా చూసుకోవలసినవి. బిడ్డ వెనుక సీటులో ఉంటుంది, తలుపు వేసి ఉంటుంది, పారిపోవడానికి దారి లేదు. 'ఆ మాట నిన్ననే చదివావు గదే' అనే వాక్యం ఆ వేళ వద్దు. ఆకలేస్తున్నదా అని అడగండి.

ఒక బరువైన మాట కూడా ఇక్కడే చెప్పాలి. పిల్లల మానసిక ఆరోగ్యం అత్యవసర స్థితిలో ఉన్నదని అమెరికా శిశువైద్యుల సంఘం, మరి రెండు సంస్థలు కలిసి 2021 అక్టోబరులో ప్రకటించాయి. పిల్ల తిండి మానినా, నిద్ర పోయినా, ఇష్టమైన ఆటపాటలు వదిలేసినా, చచ్చిపోతానన్న మాట ఒక్కసారి అన్నా, ఊపిరి లెక్కలతో సరిపెట్టకండి, పంతులు దగ్గరకు తీసుకురాకండి. డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. 2022 జూలై నుండి 988 అనే నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. 'నలుగురికీ తెలిస్తే సంబంధాలు రావు' అని ఆలోచించే సమయం కాదది.

చివరగా కార్యవర్గం వారికి రెండు విన్నపాలు. ఉదయం తొమ్మిదికి మేకప్ వేసుకున్న చిన్నపిల్లలు రాత్రి పదింటికి వేదిక ఎక్కుతున్నారు. మధ్యలో నగలు ఊడకుండా, చీర నలగకుండా, అన్నం కూడా సరిగా తినకుండా కూర్చుంటున్నారు. నాయకుల సన్మానాలు పిల్లల నృత్యాల తరువాత పెట్టండి. సన్మానితులు పెద్దవారు, ఆగగలరు. రెండవది, పద్యాల పోటీలో మధ్యలో మరచిపోయిన పిల్లకు అందించడానికి వేదిక పక్కన ఒకరిని పుస్తకంతో నిలబెట్టండి. కావాలంటే ఆ పనికి రేపు ఉదయం నేనే వస్తాను. ఎన్ని గంటలకో చెప్పండి.