బరువు తక్కువ పసికందు – పేగుల జబ్బు



2,500 గ్రాములకన్న తక్కువ తూగే బిడ్డ తక్కువ బరువు శిశువు. నెలలు నిండక పుట్టినవారికి పేగులు పక్వానికి రావు. కొందరిలో పేగు గోడ వాచి, కుళ్ళిపోతుంది. పొట్ట ఉబ్బడం, ఆకుపచ్చ వాంతి, విరేచనంలో నెత్తురు దాని గుర్తులు. అవి కనబడితే తెల్లవారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఈ జబ్బు రాకుండా కొన్ని ఆసుపత్రులలో ప్రోబయోటిక్సు, అంటే మేలుచేసే సూక్ష్మజీవులను, పాలతో ఇస్తున్నారు. పొరుగున ఒడిశా పల్లెలలో 4,556 మంది శిశువులపై పరీక్ష జరిపి, 2017లో ఫలితాలు ప్రకటించారు. అది పేగుల జబ్బుపై కాదు, ఒంటికంతా పాకే సెప్సిస్ పైన. ఏడు రోజులు అలాంటి జీవులను పట్టిస్తే సెప్సిస్, మరణాలు కలిపి నూటికి 9 నుంచి 5.4కు తగ్గాయి. అయితే ఆ బిడ్డలు 2,000 గ్రాములు, ఆ పైన తూగినవారు. మరీ చిన్నవారి సంగతి వేరు. 2023లో అమెరికాలో నెలలు నిండని శిశువొకరు మందుగా ఇచ్చిన జీవులే రక్తంలో చేరి చనిపోగా, అక్కడి ప్రభుత్వ ఔషధ శాఖ డాక్టర్లను హెచ్చరించింది.

కనుక షాపులో పొడి కొని మీరే వేయకండి. ఇవ్వాలా వద్దా అన్నది పిల్లల డాక్టరే చెప్పాలి. పెరుగు తేట, తేనె, ఘుట్టీ నాలుకకు రాయొద్దు. ముర్రుపాలు పారబోయొద్దు. చప్పరించలేని బిడ్డకు తల్లిపాలు పిండి, డాక్టరు చెప్పినట్లు ఉగ్గుగిన్నెతో పట్టండి. బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచండి.

ఈ మాట కాన్పుకొచ్చిన అమ్మాయికే కాదు, ఇంట్లో నానీకీ దాదీకీ చెప్పండి. పసిబిడ్డ నోట్లో మొదటి చుక్క వేసేది వాళ్ళే గదా!