ఇంటికి తగిన ల్యాప్‌టాప్

ఒక వస్తువును కొనుటకు ముందు దానితో మనకేమి పని గలదో నిశ్చయించుకొనవలెనని పెద్దలు చెప్పుచుందురు. బట్ట కొనునపుడును, బిందె కొనునపుడును ఈ నియమమును మనము సహజముగానే పాటింతుము. ల్యాప్‌టాప్ కొనుటకు అంగడికి పోయినపుడు మాత్రము ఈ క్రమము తలక్రిందులగుచున్నది. అమ్మువాడు అంకెలు చదువును, మనము వినుచుందుము, తుదకు వెల యొక్కటే మనకు బోధపడును. తక్కువ వెలగల దానిని పుచ్చుకొని, లాభపడితిమని తలచుచు ఇంటికి వత్తుము. ఆ లాభము నిజమైనదో కాదో రెండవ సంవత్సరమున గాని తెలియదు.

మధ్యతరగతి కుటుంబమునకు ఇది చిన్న విషయము కాదు. అనేక గృహములలో ల్యాప్‌టాప్ వెల ఒకటి రెండు నెలల సంపాదనకు సమానము. పలువురు దానిని వాయిదాలపై కొనుచున్నారు. వాయిదాలు తీరకమునుపే యంత్రము మొరాయించినచో పిల్లవాని పాఠములు, ఉద్యోగపు దరఖాస్తులు, బ్యాంకు వ్యవహారములు ఒక్కసారిగా నిలిచిపోవును. కావున ఫలానా కంపెనీ సరకు మేలైనదని ఈ ప్రసంగములో మేము చెప్పబోము. నమూనాలు నేడున్నవి రేపుండవు. నమూనాలు మారినను మారని సూత్రములు కొన్ని గలవు. వానినే శ్రోతల ముందుంచదలచితిమి.

మొదట తేల్చుకొనవలసినది, మనకు కావలసినది ల్యాప్‌టాపా, టాబ్లెట్టా యనునది. ఇంటిలో జరుగు పనులను రెండు తెగలుగా విభజింపవచ్చును: చూచెడి పనులు, వ్రాసెడి పనులు. సినిమాలు చూచుట, పాటలు వినుట, వార్తలు చదువుట, దూరదేశమందున్న బిడ్డలతో ముఖాముఖి మాటలాడుట మొదటి తెగకు చెందినవి. వీనికి టాబ్లెట్ చాలును. అది తేలికగా నుండును. పడక కుర్చీలో కూర్చున్న పెద్దవారు సైతము చేతబట్టుకొని చూడవచ్చును. వ్యాసములు వ్రాయుట, లెక్కలు వేయుట, ప్రోగ్రాములు నేర్చుట రెండవ తెగవి. వీనికి మీటల పలక, పెద్ద తెర గల ల్యాప్‌టాప్ అవసరము. టాబ్లెట్‌కు మీటల పలకను, కవరును విడిగా కొని జతచేయువారు కలరు. ఆ మొత్తమును కూడి చూచినచో, కొన్ని సమయములందు ఒక సామాన్యమైన ల్యాప్‌టాప్ వెలకు చేరువగుట కాననగును.

క్రోమ్‌బుక్ అను మూడవ రకము కూడ నున్నది. ఇది ముఖ్యముగా ఇంటర్నెట్ ఆధారముగా పనిచేయును. చదువునకు, సినిమాలకు, ఉత్తరప్రత్యుత్తరములకు ఇది అనుకూలమైనదే. అయితే టాలీ వంటి గణాంక సాధనములును, తెలుగు డి.టి.పి. పనివారు వాడెడి సాధనములును విండోస్ కొఱకు నిర్మింపబడినవి. అట్టి పని గలవారు క్రోమ్‌బుక్ కొనరాదు. తెలుగులో టైపు చేయుటకు మాత్రము ఎవ్వరును ప్రత్యేకముగా సొమ్ము వెచ్చింప నక్కరలేదు. విండోస్‌లోను, ఆండ్రాయిడ్‌లోను, క్రోమ్‌బుక్‌లోను ఆ సదుపాయము కలదు.

చవుకదనము విషయమున మన దేశమునకు ఒక అనుభవము గలదు. విద్యార్థుల కొఱకు కేంద్రప్రభుత్వము తలపెట్టిన ఆకాశ్ అను టాబ్లెట్ 2011 అక్టోబరు 5వ తేదీన ఢిల్లీలో విడుదలయ్యెను. దాని కూర్పు మన హైదరాబాదులోనే జరిగినది. ప్రభుత్వము దానిని 2,300 రూపాయల లోపు వెలకే సేకరించెను. ఆశయము ఉదాత్తమైనది. కాని దాని ర్యామ్, అనగా తాత్కాలిక స్మృతి, 256 మెగాబైట్లు మాత్రమే. తెర గట్టిగా నొక్కిన గాని స్పందింపని రకము. మరుసటి సంవత్సరము నవంబరులో వచ్చిన రెండవ నమూనాలో ర్యామును రెట్టింపు చేసి, తెరను మార్చవలసి వచ్చినది. వెలను ముందుగా నిర్ణయించి, పనిని దానిలో ఇముడ్చుట కష్టమని ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇక యంత్రము లోపలి సంగతులు. ర్యామును వంటయింటి గట్టుతో పోల్చవచ్చును. గట్టు ఇరుకైనచో వంటవాడు ఎంత నేర్పరియైనను ఒక గిన్నె దించిన గాని మరియొకటి పెట్టలేడు. విండోస్ 11 నడచుటకు 4 జీబీ ర్యామ్ కనీసమని మైక్రోసాఫ్ట్ సంస్థ పేర్కొనినది. అది యంత్రము మేల్కొనుటకు చాలును గాని, మనము నెమ్మదిగా పని చేసికొనుటకు చాలదు. ల్యాప్‌టాప్‌నకు 8 జీబీ తక్కువ హద్దుగా పెట్టుకొనవలెనని మా సలహా. టాబ్లెట్‌నకు 4 జీబీ హద్దు. 6 ఉన్నచో మేలు. ర్యామును తరువాత పెంచుకొన వీలున్నదో, లేక పలకకే అతికింపబడియున్నదో కొనుటకు ముందే అడుగుట మంచిది.

గట్టు ర్యామైనచో, సామాను దాచు అర నిల్వ. చవుక ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఈ.ఎం.ఎం.సి. అను నిదానమైన నిల్వను 64 జీబీ పరిమాణమున అమర్చుదురు. అందులో అధిక భాగమును విండోసే ఆక్రమించును. దాని సవరణలు వచ్చినపుడు చోటు చాలదు. ఎస్.ఎస్.డి. అను వేగవంతమైన నిల్వ, కనీసము 256 జీబీ, ఉండవలెను. పెట్టెపై 64 అని చిన్న అక్షరములతో ముద్రించి, లోహపు మెరుగులతో వచ్చెడి పలుచని యంత్రములను చూచినపుడు "పైన పటారము, లోన లొటారము" అను మాటను స్మరించుట మంచిది.

ప్రాసెసర్ విషయమున ఒక భ్రాంతి ప్రబలియున్నది. ఐ3 కంటె ఐ5 ఎల్లప్పుడును మేలని పలువురు తలచుచున్నారు. అది ఒకే తరమునకు చెందిన వానికే వర్తించును. పది సంవత్సరముల నాటి ఐ5 కంటె ఇటీవలి ఐ3 వేగముగా పనిచేయును. కావున పేరుతోపాటు తరమును అడుగవలెను. నిత్యకృత్యములకు, సినిమాలకు అధిక శక్తి అక్కరలేదు. ఆటల కొఱకు అమర్చిన చిత్రయంత్రమునకు వేలకొలది రూపాయలు చెల్లించి, దానిపై విద్యుత్తు బిల్లు కట్టుట మాత్రమే చేయువారు కూడ మోసపోయినవారే.

సినిమాలు చూచువారు తెరను ప్రత్యేకముగా పరీక్షింపవలెను. 1366 చుక్కల వెడల్పు, 768 చుక్కల ఎత్తు గల పాతరకపు తెరలకంటె 1920, 1080 చుక్కల తెరపై అక్షరములు స్ఫుటముగా కనబడును. తెలుగు లిపిలోని వత్తులు, గుడులు చదువుటకు ఈ భేదము ముఖ్యము. అంగడిలో తెరను పక్కలనుండి కూడ చూడుడు. పక్కనుండి చూచినపుడు రంగులు వెలవెలబోయినచో, నలుగురు కూడి సినిమా చూచుటకు అది పనికిరాదు. ఐ.పి.ఎస్. అను రకపు తెరకు ఈ లోపము మిక్కిలి తక్కువ.

ఆండ్రాయిడ్ టాబ్లెట్ల యందు ఒక గూఢమైన చిక్కు గలదు. చిత్రములు దొంగిలింపబడకుండ వైడ్‌వైన్ అను తాళము ఏర్పాటైనది. దానిలో ఎల్1, ఎల్3 అను అంతస్తులు కలవు. ఎల్3 మాత్రమే గల టాబ్లెట్‌లో, తెర ఎంత చక్కనిదైనను, నెట్‌ఫ్లిక్స్ వంటి సేవలు 480 గీతల సాధారణ స్పష్టతను మించి చిత్రమును చూపవు. హెచ్చు స్పష్టతకు చందా కట్టి, మసక బొమ్మను చూడవలసివచ్చును. పెట్టెపై ఈ వివరము సాధారణముగా కనబడదు. అమ్మువానిని అడిగి, చూపించుమనవలెను.

డేటా లెక్క కూడ మరువరాదు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ చెప్పు ప్రకారము సాధారణ స్పష్టతకు గంటకు 1 జీబీ వరకు, హెచ్చు స్పష్టతకు 3 జీబీ వరకు ఖర్చగును. రెండున్నర గంటల తెలుగు సినిమాను హెచ్చు స్పష్టతతో చూచినచో 7 జీబీ దాటవచ్చును. దినమునకు 2 జీబీ ఇచ్చు మొబైల్ పథకముపై ఆధారపడిన ఇంటిలో విరామమునకు ముందే ఆనాటి డేటా చెల్లిపోవును. అట్టివారు స్పష్టతను తగ్గించి చూచుట గాని, ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకొనుట గాని చేయవలెను. ధ్వనికి ఇంత డేటా పట్టదు. ఆకాశవాణి తెలుగు ప్రసారములను న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వినుటకు అతి సామాన్యమైన టాబ్లెట్ సైతము చాలును.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన విషయమునకు వత్తము. సంతలో ఎద్దును కొను రైతు దాని కొమ్ముల అందమును చూచి సొమ్మీయడు. నోరు తెరిపించి పండ్లు చూచును. వయస్సు తెలిసికొనిన పిదపనే బేరమాడును. యంత్రమునకును వయస్సు గలదు. తయారుచేసినవారు ఎంతకాలము దానికి భద్రతా సవరణలు పంపుదురో అదియే దాని ఆయుర్దాయము. సవరణలు ఆగిపోయిన యంత్రము వెంటనే చెడిపోదు. దొంగలకు మాత్రము తలుపు తెరచియుండును. బ్యాంకు వ్యవహారములు నడపెడి ఇంటికి ఇది ప్రమాదకరము.

మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి సాధారణ సంరక్షణను 2025 అక్టోబరు 14తో ముగించినది. విండోస్ 11 యేమో పాత యంత్రములన్నింటిని అంగీకరింపదు. ఇంటెల్ వానిలో స్థూలముగా 8వ తరమును, దాని తరువాతివియు మాత్రమే దాని జాబితాలో నున్నవి. వాడినవానిని బాగుచేసి అమ్ము అంగళ్లలో అంతకు పూర్వపు తరములవి చవుకగా దొరకుటకు ఇదియొక కారణము. లినక్స్ నేర్చుకొన సిద్ధపడువారు వానిని కొనవచ్చును గాని, తక్కినవారు 8వ తరమునకు వెనుకటి దానిని తాకకుండుట మేలు. 2021 నుండి వచ్చిన క్రోమ్‌బుక్‌లకు పది సంవత్సరముల సవరణలు ఇచ్చెదమని గూగుల్ సంస్థ 2023లో ప్రకటించినది. అయితే ఈ గడువులు మనము కొనిన దినమునుండి కాక, ఆ నమూనా వెలువడిన నాటినుండి లెక్కింపబడును. మూడేండ్లు అంగడిలో పడియున్న టాబ్లెట్‌ను పండుగ తగ్గింపులో కొనినవానికి, దాని ఆయువులో మూడేండ్లు కూడ తగ్గింపుగనే లభించును!

వాడిన ల్యాప్‌టాప్ కొనుట తప్పు కాదు. ఆఫీసులలో వాడిన గట్టి యంత్రములు మంచి స్థితిలో దొరకుచున్నవి. కాని బ్యాటరీ ఎంత అరిగినదో చూడవలెను. కొత్తగా నున్నపుడు ఎంత విద్యుత్తును పట్టినదో, ఇప్పుడెంత పట్టుచున్నదో విండోస్ యంత్రములు తామే లెక్క చెప్పును. ఆ నివేదికను చూపుమని అంగడివానిని అడుగుడు. సగమునకు దిగియున్నచో కొత్త బ్యాటరీ వెలను బేరములో కలుపుకొనవలెను.

ఒక ఉదాహరణమును తీసికొందము. 24,000 రూపాయల యంత్రము రెండేండ్లు పనిచేసినచో సంవత్సరమునకు 12,000 పడినది. 36,000 రూపాయల యంత్రము ఆరేండ్లు పనిచేసినచో సంవత్సరమునకు 6,000 మాత్రమే పడినది. తెలంగాణలో అగ్గువ యన్నను, కోస్తాలో చవుక యన్నను, దాని నిజమైన కొలత ఇదియే. అంత సొమ్ము చేత లేనివారు అప్పుపై కొత్తదానికి పోవుట కంటె, పైన చెప్పిన పరీక్షలకు నిలిచిన వాడిన యంత్రమును రొక్కమిచ్చి కొనుట శ్రేయస్కరము.

కొనునపుడు బిల్లును తప్పక పుచ్చుకొనుడు. యంత్రముపైనను, ఛార్జింగ్ అడాప్టర్‌పైనను భారత ప్రమాణముల సంస్థ రిజిస్ట్రేషన్ గుర్తును, ఆర్ అక్షరముతో మొదలగు సంఖ్యను చూడుడు. మన ఊరికి చేరువలో మరమ్మతు కేంద్రము గలదా యని విచారింపుడు. అంగడివాడు మాట తప్పినచో జాతీయ వినియోగదారుల సహాయవాణికి 1915 సంఖ్యపై ఫిర్యాదు చేయవచ్చును. పాత యంత్రమును చెత్తకుండీలో పారవేయక, అందులోని మన ఫోటోలు, కాగితములు తుడిచివేసి, ఈ-వ్యర్థములను సేకరించు కేంద్రమునకు అప్పగింపవలెను.

అంగడికి పోవుటకు పూర్వము ఇంటిల్లిపాది ఒకచోట కూర్చుండి ఒక కాగితముపై నాలుగు సంగతులు వ్రాసికొనుడు: ఎవరు వాడుదురు, ఏ పనికి వాడుదురు, ఎన్ని సంవత్సరములు వాడదలచితిమి, ఎంతకు మించి వెచ్చింపరాదు. ఆ కాగితమును చేతబట్టుకొని పోయినవానికి అంగడిలో అంకెలు భయము గొలుపవు. తన పనికి తగినది ఏదో అతనికి తెలియును. తగనిది ఎంత చవుకైనను దానిని విడిచి రాగల ధైర్యమును కలుగును.