అలర్జీ మాత్ర వేసుకుని బండెక్కుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

వానలు పడ్డాయంటే మన పెనుకొండ చుట్టుపక్కల రోడ్డు పక్కన, బీడు భూముల్లో ఏం మొలుస్తుందో మీకు తెలుసు. వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటాం. దాని పుప్పొడి పడనివాళ్ళకి తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ దురద. ఆకు తగిలితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు. ఇక శెనక్కాయ పీకే రోజుల్లో దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు.

అప్పుడు మనం ఏం చేస్తాం? నేరుగా మెడికల్ షాపుకి పోయి "అన్నా, అలర్జీ మాత్ర ఒకటియ్యి" అంటాం. ఆయన స్ట్రిప్ కత్తిరించి రెండు మాత్రలు చేతిలో పెడతాడు. పేరు చూడం, ఎక్స్‌పైరీ డేట్ చూడం. గొడవంతా అక్కడే మొదలవుతుంది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఆ మాత్ర ఏం చేస్తుందో చూద్దాం. పడనిది తగిలినప్పుడు మన ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం విడుదలవుతుంది. తుమ్ములు, దురద, వాపు అన్నీ ఎక్కువగా దాని పనే. ఈ మాత్రలు హిస్టమిన్‌ని పనిచేయకుండా అడ్డుకుంటాయి. అందుకే వీటిని యాంటీహిస్టమిన్లు అంటారు. అంటే లక్షణాలు తగ్గుతాయి, అలర్జీ మాత్రం పోదు.

వీటిలో రెండు రకాలున్నాయి. పాత రకం: ఏవిల్, అంటే ఫెనిరమిన్. ఇంకోటి సీపీఎం, అంటే క్లోర్‌ఫెనిరమిన్. చాలా జలుబు మాత్రల్లో ఉండేది ఇదే. ఇవి మెదడులోకి కూడా పోతాయి కాబట్టి బాగా మత్తు వస్తుంది. కొత్త రకం: సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లొరాటాడిన్, ఫెక్సోఫెనాడిన్. వీటితో మత్తు తక్కువ. కానీ తక్కువ అంటే అసలు లేదని కాదు. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్‌తో చాలామందికి నిద్ర ముంచుకొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టు చేసి, 44వ నంబర్ హైవే మీద బైక్‌లో ఇంటికి పోయేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? షిఫ్టు మధ్యలో తుమ్ములని ఏవిల్ వేసుకుంటే, తెల్లారుజామున బండి మీద కన్ను మూత పడొచ్చు. లారీలు తిరిగే రోడ్డు అది. ఒక్క క్షణం చాలు. ధర్మవరంలో మగ్గం మీద కూర్చునేవాళ్ళకీ, మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళకీ ఇదే మాట. "నాకేం నిద్ర రాలేదే" అనిపించినా చేతులు, చూపు నెమ్మదించి ఉండొచ్చు. కాబట్టి కొత్త మాత్ర ఏదైనా మొదటిసారి ఇంట్లో ఉండే రాత్రి వేసుకుని చూడండి. పగలు పని ఉంటే మత్తు తక్కువ ఉండేది ఏదని డాక్టర్‌ని అడగండి. మాత్ర వేసుకున్న రోజు మందు ముట్టొద్దు. రెండూ కలిస్తే మత్తు ఇంకా పెరుగుతుంది.

రెండో తప్పు, డబుల్ డోస్. పొద్దున అలర్జీకి సెట్రిజిన్, సాయంత్రం జలుబుకి ఇంకో మాత్ర. ఆ జలుబు మాత్రలో కూడా యాంటీహిస్టమిన్ ఉంటుంది, పారాసెటమాల్ కూడా ఉంటుంది. స్ట్రిప్ వెనక పేర్లు చదవండి, చదవలేకపోతే ఫోన్‌లో ఫోటో తీసి జూమ్ చేయండి. పెద్దవాళ్ళకి సెట్రిజిన్ మామూలుగా రోజుకి 10 మిల్లీగ్రాములు, లెవోసెట్రిజిన్ 5 మిల్లీగ్రాములు, ఒక్కసారే. తగ్గలేదని మీ అంతట మీరు ఇంకోటి వేసుకోవద్దు.

మూడోది, ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వడం. తాతకి ప్రొస్టేట్ సమస్య ఉంటే పాత రకం మాత్రతో మూత్రం ఆగిపోవచ్చు. గ్లాకోమా ఉన్నవాళ్ళకీ అది మంచిది కాదు. కిడ్నీ సమస్య ఉంటే సెట్రిజిన్ డోస్ తగ్గించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడిగే వేసుకోవాలి. చిన్నపిల్లలకి పెద్దల మాత్ర సగం విరిచి ఇవ్వడం అసలొద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందుని 4 ఏళ్ళలోపు పిల్లలకి వాడకూడదని 2023లోనే మన కేంద్ర డ్రగ్ కంట్రోలర్ చెప్పారు.

ఇంకో చిన్న విషయం. ఫెక్సోఫెనాడిన్‌ని నీళ్ళతోనే మింగండి. యాపిల్, బత్తాయి లాంటి పండ్ల రసాలతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు.

నెలల తరబడి రోజూ సెట్రిజిన్ వాడేవాళ్ళు కూడా వినండి. ఒక్కసారిగా ఆపితే అరుదుగా కొందరికి తీవ్రమైన దురద వస్తుందని 2025లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. భయపడక్కర్లేదు, ఆపే ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

చివరిది, బాగా గుర్తుపెట్టుకోండి. పెదాలు, నాలుక వాచినా, గొంతు పట్టేసినట్టున్నా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోతున్నా అది మాత్రతో తగ్గే అలర్జీ కాదు. అక్కడ ప్రాణం కాపాడేది అడ్రినలిన్ ఇంజెక్షన్. మాత్ర వేసి చూద్దామని కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. పిల్లికూతలతో ఆయాసం వచ్చినా ఆస్పత్రికే పోవాలి.

హిందూపురం మిర్చి మార్కెట్‌లో ఘాటుకి తుమ్ములొస్తే అది అందరికీ వచ్చేదే. దానికి మాత్ర కాదు, మూతికి గుడ్డ కట్టుకోండి. వయ్యారిభామ పీకేటప్పుడు కూడా చేతికి గ్లవుజులు, ముక్కుకి మాస్కు. పూత రాకముందే పీకేస్తే సగం గోల తగ్గుతుంది.

ఈ వీడియోని నైట్ షిఫ్టుకి పోయే మీ ఫ్రెండ్‌కి ఒకసారి పంపండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్తగా బండి నడపండి. ఉంటాను.