మౌసమ్, ఆబ్ ఓ హవా
(మాదాపూర్‌లో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వాతావరణం గురించి పిల్లలకు అర్థమయ్యేటట్టు నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఏ వాతావరణం గురించి అన్నాను. ఆయన నవ్వారు గాని, నేను వేళాకోళానికి అడగలేదు. తెలుగులో భూమి చుట్టూ ఉన్న గాలి పొరా వాతావరణమే, ఇవాళ మబ్బు పట్టిందంటే అదీ వాతావరణమే. మన ఇళ్ళల్లో మాట్లాడే ఉర్దూలో ఈ చిక్కు తక్కువ. గాలి పొర ఫజా. ఈనాటి ఎండా వానా మౌసమ్. ఒక చోట ఏళ్ళ తరబడి కనబడే స్వభావం ఆబ్ ఓ హవా, అంటే నీరూ గాలీ. పిల్లల పుస్తకాల్లో దాన్నే శీతోష్ణస్థితి అంటారు. మౌసమ్ అసలు అరబ్బీ మాట. ఇంగ్లీషువారి మాన్‌సూన్ అందులోంచి పుట్టిందే.

ముందు ఫజా సంగతి. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ప్రాణవాయువు. మిగిలిన ఒక్క పాలులో ఎక్కువ భాగం ఆర్గాన్. ఈ గాలికి బరువుంది. పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. మన ఊరు సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడ చాయ్ నీళ్ళు 100 డిగ్రీల దాకా పోకుండా 98 దగ్గరే మరుగుతాయి. అయిదున్నర కిలోమీటర్లు ఎక్కితే సగం గాలి మన కాళ్ళ కిందనే ఉంటుంది. ఈ.సి.ఐ.ఎల్. వైపు టాటా పరిశోధనా సంస్థ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కణ్ణించి ఎగిరిన బెలూన్లు 30 కిలోమీటర్లు దాటి పోతాయి. అక్కడ పట్టపగలే ఆకాశం నల్లగా ఉంటుందంటే పిల్లలు నమ్మరు!

గాలిలో బొగ్గుపులుసు వాయువు పదివేలకు నాలుగు పాళ్ళ పైచిలుకు మాత్రమే. ఇంత కొంచెం ఏం చేస్తుందని అనుకోవద్దు. ఇదీ, నీటి ఆవిరీ కలిసి భూమి నుంచి లేచే వేడిని పట్టి ఉంచుతాయి. 1859లో జాన్ టిండాల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగం చేసి చూపించాడు. ఈ దుప్పటి లేకపోతే భూమి సగటు వేడి సున్నాకు 18 డిగ్రీలు కిందికి పోయేది. ఉండబట్టి 15 దగ్గర ఉంది. బొగ్గూ నూనే మండించి మనం దుప్పటిని మందం చేశాం. యంత్రాల కాలానికి ముందు పది లక్షల పాళ్ళకు 280 ఉన్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే నూటికి ఏడు పాళ్ళ ఆవిరి ఎక్కువ పట్టగలదు. అందుకే కురిసినప్పుడు కుండపోతగా కురిసే అవకాశం పెరుగుతుంది.

ఇక మౌసమ్‌కూ ఆబ్ ఓ హవాకూ తేడా. ఎండాకాలం సాయంత్రం మాదాపూర్‌లో రోడ్లు మునిగేంత వాన పడుతుంది, చార్మినార్ దగ్గర చుక్క పడదు. ఉరుము మబ్బు కొద్ది కిలోమీటర్ల మేరకే ఉంటుంది మరి. అది మౌసమ్. 30 ఏళ్ళ లెక్కలు కూర్చి సగటు తీస్తే ఆబ్ ఓ హవా. మన రంజాన్ 2018లో మే నెల మధ్యలో మొదలై ఉడికించింది, 2025లో మార్చిలో వచ్చింది. చాంద్రమాన నెలలు ఋతువులతో నడవవు. అందుకే నిజాం సర్కారులో శిస్తు లెక్కలకు ఫసలీ సంవత్సరం పెట్టుకున్నారు. రోహిణి కార్తెలో ఎండ, మృగశిరకు తొలకరి అన్న మన రైతుల మాట కూడా ఆబ్ ఓ హవా లెక్కే.

ఈ తేడా తెలియక మా పెద్దమ్మ కొడుకు నష్టపోయాడు. 2015 కరువేడు, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగరే ఎండిపోయాయి. ఆ ఏడు పాతబస్తీ అవతల 200 గజాలు చవకగా వస్తున్నదని కొన్నాడు. "చెరువు శిఖం కదా భాయీ" అంటే, "నీళ్ళెక్కడివి, పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు" అన్నాడు. చూసింది మౌసమ్, కొన్నది ఆబ్ ఓ హవా. 2020 అక్టోబరు 13న బంగాళాఖాతం వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి మన మీదికి వచ్చింది. మర్నాటి పొద్దుటికి బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్‌లో 32. వాడి ఇంట్లో నీళ్ళు కిటికీ దాకా వచ్చాయి. కూతురి పెళ్ళికి దాచిన బట్టలూ, పిల్లవాడి సర్టిఫికెట్లూ పోయాయి. అమ్మినవాడు మాత్రం ఫోను ఎత్తలేదు.

ఇలాంటి వాన ఎన్నడూ ఎరగమని అందరూ అన్నారు. నిజమేనా? 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు పడింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కినవాళ్ళు బతికారు. ఆ వరద తర్వాత వచ్చిన విశ్వేశ్వరయ్య గారు మూసీ పరివాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని రాశారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో కట్టింది ఆ భయంతోనే. అంటే పెద్దవాన మన ఆబ్ ఓ హవాలో ఉన్నదే. వేడెక్కిన గాలి దాన్ని ఇంకా ఎక్కువ చేస్తుంది. కాని నీటి దారిలో ఇల్లు కట్టింది మబ్బు కాదు.

ఈ హైటెక్ సిటీనే చూడండి. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి చుట్టూ రాళ్ళూ పొదలే. దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండకు నీళ్ళిచ్చింది. ఒక మిల్లీమీటరు వాన చదరపు మీటరుకు ఒక లీటరు. ఆ లెక్కన 24 సెంటీమీటర్లు పడితే 200 గజాల మీద 40 వేల లీటర్లు, అంటే ఎనిమిది ట్యాంకర్లు. మట్టి అయితే కొంత తాగుతుంది, సిమెంటు తాగదు. ఆ నీళ్ళన్నీ ఒక్కసారే పల్లానికి ఉరుకుతాయి.

వేడి సంగతీ అంతే. పగలు తాగిన ఎండను రాయీ కాంక్రీటూ రాత్రి వదులుతాయి. అద్దాల మేడల ఏసీలు లోపలి వేడిని వీధిలో పోస్తాయి. ఆ వీధిలో గేటు దగ్గర నిలబడేదీ, పరంజా ఎక్కేదీ, బండి మీద అన్నం పొట్లాలు మోసేదీ మన కుర్రాళ్ళే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. వానాకాలంలో కూలరు పనిచేయనిదీ ఇందుకే. ఉక్కపోత రోజు 36 డిగ్రీలే కదా అని పని చేయించే మేస్త్రీలు ఇక్కడ ఎవరైనా ఉంటే ఇది గుర్తుంచుకోవాలని మనవి.

ఇళ్ళ స్థలాల కోసం మన సంఘంలో చీటీలు కడుతున్న వారున్నారు. బయానా ఇచ్చే ముందు రెవెన్యూ వారి గ్రామ పటంలో చెరువు ఎక్కడిదాకా ఉందో చూడండి. ఆ పక్కనున్న ముసలివాళ్ళను నీళ్ళు ఎక్కడిదాకా వచ్చేవో అడగండి. ఎండాకాలంలో స్థలం చూసి ఒప్పుకోవద్దు. చదవడం రాకపోతే కాగితాలు నా దగ్గరికి తీసుకురండి, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.

పిల్లలకు ఒక పని. నిటారు గోడలున్న డబ్బా ఒకటి మేడ మీద పెట్టి, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిచి రాయండి. వాతావరణ శాఖ వారు వాన లెక్క చూసేదీ ఆ వేళకే. కొండాపూర్ పిల్లల లెక్క, టోలీచౌకీ పిల్లల లెక్క పక్కపక్కన రాసేందుకు ఒక రిజిస్టరు సంఘం ఆఫీసులో పెట్టాను. మొదటి పేజీలో గళ్ళు గీసి ఉన్నాయి.